ఒక్క పిస్టలే కొనాలంటే ఏది?

ప్రశ్న: మాది డల్లాస్ దగ్గర. నాకు 41 ఏళ్లు, గ్రీన్‌కార్డు వచ్చి రెండేళ్లయింది. ఒక గ్యాస్ స్టేషన్‌లో భాగస్తుణ్ని. రాత్రి క్యాష్ లెక్క చూసుకుని ఇంటికొచ్చేసరికి పన్నెండవుతుంది. ఇంతవరకు తుపాకీ ముట్టుకోలేదు. మా వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒకటే గోల: రేపో మాపో గవర్నమెంటు తుపాకులన్నీ లాగేసుకుంటుందట, ఆ రోజుకి చేతిలో ఒక నమ్మకమైన పిస్టల్ ఉండాలట, అదీ కాగితాల్లో కనపడకుండా కొనాలట. ఒక్కటే కొంటే ఏది కొనాలి? హెచ్1బీ మీద ఉన్న ఫ్రెండ్ ఒకతను 'నీ పేరు మీదే నాకూ ఒకటి తీసుకో, డబ్బులిచ్చేస్తా' అంటున్నాడు. పరవాలేదా? వచ్చే నెల మా అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తున్నారు, ఇంకేమైనా జాగ్రత్తలుంటే చెప్పండి.

జవాబు: ముందు మీ ఫ్రెండ్ సంగతి తేల్చేద్దాం. మీ ఉత్తరం మొత్తంలో ప్రమాదకరమైన మాట అదే. కొనకండి. షాపులో మీరు నింపే 4473 ఫారంలో అసలు కొనుగోలుదారు మీరేనా అని అడుగుతారు. ఇంకొకరి డబ్బుతో ఇంకొకరి కోసం కొంటూ 'అవును' అని టిక్కు పెడితే అది ఫెడరల్ నేరం. 2022లో వచ్చిన చట్టం తర్వాత, కొనకూడని మనిషి కోసం కొనిపెడితే 15 ఏళ్ల దాకా జైలు. మీ ఫ్రెండ్ అలా కొనకూడని మనిషే. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, బీ2, ఇలా ఏ నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లయినా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. దీనికున్న మినహాయింపులు కొన్నే. మనవాళ్లకు పనికొచ్చేది ఒకటి: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు అమల్లో ఉండడం. అది ఉంటే అతను తన పేరు మీదే కొనుక్కోవచ్చు, మీ పేరుతో పని లేదు. అది లేకపోతే 'సరదాగా రేంజ్‌కి వెళ్లి రెండు రౌండ్లు కాల్చొద్దాం' అన్నా కూడా నేరమే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లను సైతం తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించే వీలు ఇమిగ్రేషన్ చట్టంలో ఉంది. స్నేహం కోసం అంత దూరం వెళ్లక్కర్లేదు.

మీ అమ్మానాన్నలకూ ఇదే వర్తిస్తుంది. బీ2 మీద వచ్చిన నాన్నగారి చేతికి 'చూడండి నాన్నా, ఎంత బరువుందో' అని పిస్టల్ ఇవ్వకండి. వాళ్లుండే గది డ్రాయర్లో పెట్టకండి. పెట్టె కోడ్ వాళ్లకు తెలియనివ్వకండి. తాళం మీ చేతిలో ఉన్నంతవరకు అది మీ తుపాకీ. కోడ్ వాళ్లకూ తెలిస్తే వాళ్ల ఆధీనంలో కూడా ఉందని వాదించే వీలిచ్చినట్టే. గ్యాస్ స్టేషన్ కౌంటర్ కింద ఉమ్మడిగా ఒకటి పడేసి ఉంచే అలవాటు మన షాపుల్లో అక్కడక్కడా ఉంది. రాత్రి షిఫ్టులో స్టూడెంట్ వీసా మీద ఉన్న కుర్రాడు నిలబడితే ఆ పిస్టల్ అతని అందుబాటులో ఉన్నట్టే లెక్క. అతని భవిష్యత్తు అక్కడితో సరి.

ఇక లాగేసుకోవడం గురించి. అమెరికాలో ఇళ్లకెళ్లి చట్టబద్ధమైన తుపాకుల్ని గుంపగుత్తగా తీసుకెళ్లిన సంఘటన ఈమధ్య కాలంలో ఒకటుంది: 2005లో కత్రినా తుపాను తర్వాత న్యూ ఆర్లీన్స్. పోలీసుల దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఆయుధాలుండవని అక్కడి పోలీసు అధికారి ప్రకటించారు, ఊళ్లో మిగిలిపోయినవాళ్ల తుపాకులు పట్టుకెళ్లారు. ఆ సెప్టెంబరులోనే ఫెడరల్ కోర్టు ఆపమంది. మరుసటి ఏడాది కాంగ్రెస్ చట్టం చేసింది: విపత్తు పేరు చెప్పి చట్టబద్ధమైన తుపాకులు తీసుకోకూడదు. టెక్సస్‌లో అలాంటి నిబంధన విడిగా ఉంది. విపత్తు సమయంలో పోలీసు తన ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పనుకుంటే మీ పిస్టల్ తాత్కాలికంగా తీసుకోవచ్చు. మిమ్మల్ని అరెస్టు చేయకపోతే, సాక్ష్యంగా పట్టుకోకపోతే, వదిలేసేటప్పుడు తిరిగి ఇవ్వాలి. దీనికి తోడు 2008లో సుప్రీంకోర్టు వాషింగ్టన్ డీసీ పెట్టిన హ్యాండ్‌గన్ నిషేధాన్ని హెల్లర్ కేసులో కొట్టేసింది. బ్రిటన్ 1997లో దాదాపు హ్యాండ్‌గన్‌లన్నీ పరిహారమిచ్చి వెనక్కి తీసుకుంది, ఆస్ట్రేలియా 1996 తర్వాత కొన్ని రకాల రైఫిళ్లు, షాట్‌గన్‌లు కొనేసింది. అక్కడ పార్లమెంటు చాలింది. ఇక్కడ రాజ్యాంగం అడ్డం ఉంది.

న్యూ ఆర్లీన్స్‌లో జరిగింది మీ గ్రూపువాళ్లకు ఒకసారి నిదానంగా చెప్పండి. పోలీసులు జాబితా పట్టుకుని రాలేదు, ఎదురుపడినవాళ్ల చేతుల్లోంచి, తలుపు తీసిన ఇళ్లలోంచి తీసుకెళ్లారు. కాగితాల్లో లేకపోవడం ఎవరినీ కాపాడలేదు. తర్వాత తిరిగి తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం కాగితం అవసరమైంది. ఇది నాదేనని సీరియల్ నంబరు చెప్పగలగాలి కదా. అందుకే మీరు షాపులోనే కొనండి. టెక్సస్‌లో ఒకే రాష్ట్రంవాళ్లిద్దరు ఫారం లేకుండా అమ్ముకోవడం చట్టవిరుద్ధం కాదు, కానీ పార్కింగ్ లాట్‌లో నోట్లిచ్చి తెచ్చుకున్న పిస్టల్ దొంగసొత్తని తేలితే అది పోతుంది, డబ్బూ పోతుంది, ప్రశ్నలు మీకు మిగులుతాయి. షాపు నడుస్తున్నంతకాలం మీరు నింపిన 4473 షాపువాడి దగ్గరే ఉంటుంది. దాంతో ఎవరి దగ్గర ఏ తుపాకీ ఉందో చెప్పే దేశవ్యాప్త రిజిస్ట్రీ తయారుచేయడాన్ని 1986 చట్టం నిషేధించింది.

ఒకవేళ ఎప్పుడైనా ఒక ఆఫీసరు ఇవ్వమంటే ఇవ్వండి. వాదన అక్కడ కాదు, కోర్టులో. చేతులు కనపడేలా పెట్టి, పిస్టల్ ఎక్కడుందో నోటితో చెప్పి, తీసుకున్నాక రశీదు అడిగి, పేరూ బ్యాడ్జి నంబరూ రాసుకుని లాయరుకు ఫోన్ చేయండి. నమ్మకమైన పిస్టల్ ఏదైనా ఆ క్షణంలో పనికొచ్చేది కాదు. అలా వాడాలనుకునేవాడి సలహా వినకండి.

మీ తుపాకీ పోయే దారులు నిజానికి వేరే ఉన్నాయి. ఇంట్లో గొడవై 911కి ఫోన్ వెళ్లి, కోర్టు ప్రొటెక్టివ్ ఆర్డర్ ఇస్తే అది అమల్లో ఉన్నంతకాలం పిస్టల్ ఉంచుకోకూడదు. 2024లో రహీమీ కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని నిలబెట్టింది, అది టెక్సస్ కేసే. గృహహింస కేసులో చిన్న శిక్ష పడినా 1996 చట్టం ప్రకారం హక్కు పోతుంది. రాష్ట్రం అనుమతిచ్చినా సరే, గంజాయి వాడేవాళ్లకు ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. రాబోయే సర్కారు గురించి చర్చించే గ్రూపుల్లో వీటి గురించి ఒక్క మెసేజీ కనపడదు.

కొనేటప్పుడు మనవాళ్లు పొరపడే చోట్లు కొన్నున్నాయి. ఫారంలో పౌరసత్వం దగ్గర ఇండియా అని రాసి, గ్రీన్‌కార్డు మీది ఏ-నంబరు వేయండి. తొందరలో అమెరికా గడిలో టిక్కు పెట్టారంటే అబద్ధపు పౌరసత్వ ప్రకటన అవుతుంది. రేపు సిటిజన్‌షిప్‌కి దరఖాస్తు పెట్టినప్పుడు అది గొంతు మీదికొస్తుంది. డ్రైవర్ లైసెన్సు మీద పాత అపార్ట్‌మెంటు అడ్రసుంటే ముందే మార్పించుకోండి, లేదంటే షాపువాడు వెనక్కి పంపేస్తాడు. మన పేర్లతో ఇంకో చిక్కు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, పాత కాగితాల్లో పేరు బదులు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్). గ్రీన్‌కార్డు మీద ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వడం తప్పనిసరి కాకపోయినా, అదే పేరున్న ఇంకొకరితో కలగాపులగం కాకుండా ఉండాలంటే ఇవ్వడమే మేలు. అయినా షాపువాడు చేయించే ఎఫ్‌బీఐ తనిఖీలో ప్రతిసారీ 'డిలే' (ఆగండి) అని వస్తుంటే, మిమ్మల్ని వేరుగా గుర్తుపట్టేందుకు ఎఫ్‌బీఐ దగ్గర యూపిన్ నంబరు తీసుకోవచ్చు.

ఇప్పుడు పిస్టల్. తూటా 9 ఎం.ఎం. అనుకోండి, ఇంకో ఆలోచన వద్దు. .40, .45 అంటూ ఇంకా లావు తూటాలతో ఊరించేవాళ్లుంటారు. ఒకప్పుడు .40 వాడిన ఎఫ్‌బీఐయే 9కి తిరిగొచ్చింది. కొత్త రకం హాలోపాయింట్ (మూతి గుల్లగా ఉండే) తూటాలతో ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, దెబ్బ వెనక్కి తక్కువ తంతుంది, మ్యాగజైన్‌లో (తూటాలు నింపి పిడిలోకి దోపే డబ్బాలో) ఎక్కువ పడతాయి, ధరా తక్కువ. మీలాంటి కొత్తవాళ్లకు ధర ముఖ్యం, ఎందుకంటే తూటా ఖరీదైతే సాధన ఆగిపోతుంది.

మోడల్ విషయంలో విసుగు పుట్టించే జవాబే సరైన జవాబు: గ్లాక్ 19, లేదా స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ 2.0 కాంపాక్ట్. రెండింటికీ దాదాపు 4 అంగుళాల బ్యారెల్ (గొట్టం), 15 తూటాల మ్యాగజైన్. గ్లాక్ నిండా నింపితే సుమారు 850 గ్రాములుంటుంది. వాటి గొప్ప ఏమిటంటే కొత్తదనం లేకపోవడమే. ఏ ఊరి షాపులోనైనా స్ప్రింగు, మ్యాగజైన్, హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) దొరుకుతాయి. ఎక్కడ పాడవుతుందో దేశంలోని ప్రతి గన్‌స్మిత్‌కీ తెలుసు. తేడా ఒకటుంది. శుభ్రం చేయడానికి గ్లాక్ విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. ఛాంబర్లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట) తూటా మరిచిపోయినవాళ్లు ఇంట్లో పేల్చుకునేది సరిగ్గా ఇక్కడే. ఎం అండ్ పీలో లోపల చిన్న మీట దించితే ట్రిగ్గర్ నొక్కకుండానే విప్పొచ్చు. చాలామందికి అది అనవసరమైన సౌకర్యంగా కనిపిస్తుంది. అలసిపోయి అర్ధరాత్రి ఇంటికొచ్చే మనిషికి మాత్రం నేను దాన్నే చూపిస్తాను.

జేబులో పట్టే బుల్లి పిస్టల్, అయిదు తూటాల రివాల్వర్ మొదటి తుపాకీగా వద్దు. చిన్నది కొత్తవాళ్లకు తేలిక అనిపిస్తుంది గానీ తన్నుడెక్కువ, గురి కష్టం, రివాల్వర్ ట్రిగ్గరైతే బాగా బరువు.

కొనేముందు చేతికి సరిపోతుందో లేదో చూడండి. పిస్టల్ ఖాళీ అని మీరూ షాపువాడూ ఇద్దరూ చూశాక, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు పిడి వెనక భాగానికి ఎంత పైకి వీలైతే అంత పైకి ఆనించి పట్టుకోండి. బ్యారెల్ ముంజేతి ఎముకకు సూటిగా ఉండాలి. అలా ఉంచి చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదికి హాయిగా చేరిందంటే సరిపోయినట్టు. వేలి కొసే అందుతుంటే పిడి లావు, వెనకపట్టీ చిన్నది వేయించి చూడండి. తర్వాత స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) లాగండి. చేతులు బిగుసుకుపోతుంటే చేతి బలం చాలక కాదు, పద్ధతి తెలియక. స్లైడ్‌ను ఎడమ అరచేత్తో పైనుంచి పట్టి ఉంచి, కుడిచేత్తో పిడిని ముందుకి తొయ్యండి. పిస్టల్ ఛాతీకి దగ్గరగా ఉండాలి, మూతి ఎవరివైపూ ఉండకూడదు.

కొన్నాక అది నమ్మకమైనదో కాదో పెట్టె మీద పేరు చెప్పదు, మీరే తేల్చుకోవాలి. కంపెనీవే మూడు మ్యాగజైన్లు ఉంచుకోండి. అడుగున నెయిల్ పాలిష్‌తో 1, 2, 3 అని వేయండి. మొదట మామూలు 115 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) సాధన తూటాలు 300, రేంజ్‌కి రెండుమూడు సార్లు వెళ్లి కాల్చండి. తర్వాత ఇంట్లో ఉంచుకోబోయే హాలోపాయింట్ తూటాలే ఒక వంద, మూడు మ్యాగజైన్లకూ పంచి. ఫెడరల్ హెచ్ఎస్‌టీ గానీ స్పీర్ గోల్డ్ డాట్ గానీ తీసుకోండి. ఖరీదు అనిపించినా ఆ వంద తప్పించకండి. వాటి మూతి గుల్లగా ఉంటుంది, సాధన తూటా జారినట్టే, ఛాంబర్లోకి ఎక్కించే ర్యాంపు మీద జారుతుందని ముందే అనుకోలేం. ఎవరో ఇంట్లో తయారుచేసిన రీలోడ్ తూటాలు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

ఎక్కడో ఒకచోట తూటా ఇరుక్కుంటుంది. అప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఏ మ్యాగజైన్, ఏ తూటా, ఎవరి చెయ్యి. ఇరుకుడు ప్రతిసారీ 2వ నంబరులోనే అయితే అది పారేయండి, రిపేరు జోలికి పోవద్దు. పేలిన తూటా ఖాళీ ఇత్తడి తొట్టి బయటికి పోకుండా స్లైడ్ సందులో పొగగొట్టంలా నిలబడిపోతోందంటే చాలాసార్లు కారణం వదులు మణికట్టు. స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లాలంటే దాని కింద ఫ్రేము కదలకుండా ఉండాలి. మణికట్టు మెత్తబడితే ఆ బలమంతా మీ చెయ్యి తినేస్తుంది. అదే పిస్టల్, అదే మ్యాగజైన్ ఇన్‌స్ట్రక్టర్ చేతికిచ్చి చూడండి. ఆయన చేతిలో ఇరుక్కోకపోతే పిస్టల్‌ని తిట్టకండి. నొక్కితే క్లిక్‌మని ఊరుకుంటే మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగి తర్వాత తీయండి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. టప్‌మని నీరసంగా పేలితే మాత్రం అక్కడితో ఆపేయాలి. బుల్లెట్ (తూటా కొసనుండి దూసుకెళ్లే ముక్క) బ్యారెల్లోనే ఇరుక్కుని ఉండొచ్చు, వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది.

చాలామంది గమనించనిది ఒకటి. రోజూ రాత్రి తూటా తీసి పెట్టెలో పెట్టి, పొద్దున్నే మళ్లీ అదే తూటా ఛాంబర్లోకి ఎక్కిస్తుంటారు. స్లైడ్ దాన్ని ర్యాంపుకేసి కొట్టిన ప్రతిసారీ బుల్లెట్ ఇత్తడి తొట్టిలోకి వెంట్రుకవాసి దిగుతుంది. దిగినకొద్దీ లోపలి ఖాళీ తగ్గి, పేలినప్పుడు ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. చూడాలంటే పరికరాలేమీ అక్కర్లేదు. అదే పెట్టెలోంచి ముట్టుకోని కొత్త తూటా తీసి, వాడుతున్నదాని పక్కన గాజు బల్ల మీద నిటారుగా నిలబెట్టి, కళ్లు బల్ల ఎత్తుకి దించి చూడండి. పొట్టిగా కనపడిందా, దాన్ని వాడకండి. పక్కన పెట్టి రేంజ్‌వాళ్లకు అప్పగించండి. పొట్టిది కాకపోయినా నాలుగైదుసార్లు ఎక్కించినదాన్ని మళ్లీ ఎక్కించవద్దు.

నూనె విషయంలో మన చేతులు ధారాళం. నాలుగైదు చుక్కలు చాలు: స్లైడ్ జారే పట్టాల మీద, బ్యారెల్ పైభాగాన, ట్రిగ్గర్ బారు తగిలే చోట. స్ట్రైకర్ (తూటా వెనక కొట్టి పేల్చే సూది) ఉండే గొట్టంలో పోయకండి. అక్కడ నూనె, మసి కలిసి బంకై స్ట్రైకర్ నీరసిస్తుంది. రికాయిల్ స్ప్రింగు (స్లైడ్‌ను మళ్లీ ముందుకి నెట్టేది) నాలుగైదు వేల తూటాలకోసారి మార్చండి. నున్నటి ట్రిగ్గర్ కిట్టు అనీ, ఇంకేదో అనీ ఆన్‌లైన్‌లో కనపడతాయి, ఈ పిస్టల్‌కి ఏమీ తగిలించకండి. ఒక చేతిలో పట్టుకునే టార్చి మాత్రం కొనండి. చీకట్లో ఎదురొచ్చేది దొంగ కావచ్చు, మంచినీళ్ల కోసం లేచిన అమ్మగారూ కావచ్చు.

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 దాటిన అర్హులకు పర్మిట్ లేకుండానే వెంట ఉంచుకునే వీలుంది. అయినా మీరు ఎల్‌టీసీ (లైసెన్స్ టు క్యారీ), అంటే వెంట ఉంచుకునే లైసెన్సు తీసుకోండి. బడికి 1,000 అడుగుల లోపు తుపాకీతో తిరగడం ఫెడరల్ నేరం, రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉంటే మినహాయింపు. మీ గ్యాస్ స్టేషన్ నుంచి ఇంటికొచ్చే దారిలో ఎన్ని బళ్లున్నాయో మ్యాపు తీసి చూడండి. ట్రిగ్గర్ మొత్తం కప్పే గట్టి హోల్‌స్టర్ ఉండాలి, ఊరికే జేబులో, నడుములో దోపుకోవద్దు. ఇంట్లో గోడకో మంచానికో బిగించిన పెట్టె ఉండాలి. 17 ఏళ్ల లోపు పిల్లలకు తుపాకీ అందేలా వదిలేయడం టెక్సస్‌లో నేరం, మీ పిల్లలైనా, ఆడుకోడానికొచ్చిన పక్కింటివాళ్ల పిల్లలైనా. కౌంటర్ దగ్గర ఎవడైనా క్యాష్ అడిగితే ఇచ్చేయండి. పిస్టల్ కంటే ముందు అక్కడ బిగించాల్సింది డబ్బు పడేస్తే బయటికి రాని డ్రాప్ సేఫ్, రెండు కెమెరాలు.

కొన్న రోజే సీరియల్ నంబరు, రశీదు, పెట్టె మీది లేబులు ఫోటో తీసి ఫోన్లో కాకుండా వేరేచోట కూడా దాచండి. రేంజ్‌కి ఒక బ్యాగు విడిగా పెట్టుకోండి, అది దానికే. ఇండియా వెళ్లేటప్పుడు ఆ బ్యాగులో బట్టలు సర్దుకుని, అడుగు జేబులో మిగిలిన ఒక్క తూటాతో శంషాబాద్‌లో స్కానర్ దగ్గర ఆయుధాల చట్టం కింద ఇరుక్కున్న ప్రయాణికులున్నారు. తెలియక ఉండిపోయిందని తర్వాత కోర్టులు కేసు కొట్టేయొచ్చు, ఈలోపు ఫ్లైట్ వెళ్లిపోతుంది, పాస్‌పోర్టు చిక్కుల్లో పడుతుంది. మీ అమ్మానాన్నలు తిరుగు ప్రయాణానికి సూట్‌కేసు తక్కువైందంటే, అల్మరాలోంచి ఆ బ్యాగు మాత్రం ఇవ్వకండి.